ఆ బేస్ ట్రాక్‌ను బయటపెట్టండి: మెటాలికాకు హన్మకొండ నుంచి బహిరంగ లేఖ

జేమ్స్ అన్నకు, లార్స్ అన్నకు, కిర్క్ అన్నకు, రాబర్ట్ అన్నకు,

నమస్తే. మాది హన్మకొండ. పెళ్లిళ్లలో, రిసెప్షన్లలో, వినాయక చవితి మండపాల దగ్గర వాయించే ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు, అంటే అడుగు శబ్దం ఇచ్చే లావు తీగల గిటారు, నాది. 1988లో మీ అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా తెచ్చిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్ అంటే నాకు ప్రాణం. ఇంత ఇష్టమైన రాక్ ఆల్బమ్ నాకు ఇంకోటి లేదు, ఇంత కోపం తెప్పించేది కూడా ఇంకోటి లేదు. ఆ కోపం ఎందుకో మీకు తెలుసు, ఎందుకంటే ముప్పై ఏళ్లు దాటినా అభిమానులు మిమ్మల్ని అడుగుతూనే ఉన్నారు: అప్పటి మీ బేస్ వాద్యకారుడు జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ ఆ ఆల్బమ్‌లో ఎందుకు వినబడదు? నేను ఒక అడుగు ముందుకేసి అడుగుతున్నా. ఆ టేపులు మీ దగ్గర ఉన్నాయి. పాత ఆల్బమ్‌ను ముట్టుకోకుండా, దాని పక్కనే, బేస్ వినబడేలా వాయిద్యాలను మళ్లీ కలిపిన ఇంకో మిక్స్ మీరే చేసి ఇవ్వండి.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నాకు ఈ భాషలోనే వస్తుంది. పైగా వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు గిటార్లు భుజాన వేసుకుని తిరిగే పిల్లలు కూడా ఇది చదవాలి. వాళ్ల కోసం మీకు తెలిసిన సంగతులు కూడా కొన్ని మళ్లీ చెప్తాను, ఏమనుకోకండి.

ఈ ఆల్బమ్ మా దగ్గరికి ఎలా వచ్చిందో వినండి. తొంభైలలో హన్మకొండ చౌరస్తా క్యాసెట్ షాపుల్లో సినిమా పాటలు, భక్తి పాటలు, జానపదాలు, ఉద్యమ పాటలు దొరికేవి. ఇంగ్లిష్ అంటే మైకేల్ జాక్సన్ దగ్గర ఆగిపోయేది. కాజీపేట దారిలో ఆర్‌ఈసీ ఉంది, 2002 నుంచి దాన్ని ఎన్‌ఐటీ అంటున్నారు, అక్కడ దేశం నలుమూలల పిల్లలు చదువుతారు. మా బోటి వాళ్లకు రాక్ సంగీతం చేరింది ఆ హాస్టళ్ల నుంచే. సెలవులకు ఊరికి పోయిన ఏ కలకత్తా పిల్లగాడో, ఏ షిల్లాంగ్ పిల్లగాడో తెచ్చిన క్యాసెట్‌ను ఇంకో ఖాళీ క్యాసెట్ మీదికి ఎక్కించుకోవడం, దాని మీది నుంచి ఇంకొకరు ఎక్కించుకోవడం, అట్లా నా దాకా వచ్చేసరికి అట్ట మీద బాల్‌పెన్నుతో రాసిన పేరు తప్ప ఇంకేమీ లేదు. బొమ్మ లేదు, పాటల మాటలు లేవు. జేసన్ అనే మనిషి ఒకడున్నాడని కూడా ఆ అట్ట చెప్పలేదు. తొమ్మిది పాటలు, 65 నిమిషాలు. అరవై నిమిషాల క్యాసెట్‌లో పట్టదు కాబట్టి తొంభైది కొనాల్సి వచ్చేది.

ముందు ఇష్టం గురించే మాట్లాడతాను, ఎందుకంటే లోపం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో సగం మంది ఆల్బమ్ పూర్తిగా విన్నట్టే అనిపించదు.

'వన్' తీసుకోండి. తుపాకుల మోతతో మొదలవుతుంది, తర్వాత ఒక్క గిటారు, మెల్లగా, శుభ్రంగా. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లు, చేతులు, కళ్లు, చెవులు, నోరు అన్నీ పోయి, మెదడు ఒక్కటే మిగిలిన సైనికుడి కథ అది. డాల్టన్ ట్రంబో నవల నుంచి వచ్చింది, ఆయనే 1971లో సినిమాగా కూడా తీశాడు, మీరు మీ మొట్టమొదటి వీడియో కోసం ఆ సినిమా ముక్కలే వాడుకున్నారు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. క్యాసెట్ విన్నప్పుడు ఇంగ్లిష్ సగం కూడా అర్థమయ్యేది కాదు. కానీ నాలుగు నిమిషాలు దాటాక లార్స్ అన్న రెండు కాళ్లతో డ్రమ్ము మీద పేల్చే ఆ వరస, దాని మీద గిటార్లు అదే లెక్కలో తగులుతుంటే, లోపల ఇరుక్కుపోయిన మనిషి బయటికి రావాలని కొట్టుకుంటున్నాడని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మా ఇంట్లో సాయంత్రం కరెంటు పోతే బ్యాటరీల మీద టేప్ రికార్డర్ నడిచేది. చీకట్లో ఆ పాట విన్న తర్వాత మాట్లాడబుద్ధి అయ్యేది కాదు.

టైటిల్ పాట ఇంకో రకం. మా నాన్న భూమి కేసు కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పోయేవాడు, సాయంత్రం వచ్చి ఒకటే మాట అనేవాడు, "వాయిదా పడ్డది." అవతలి పక్షం దగ్గర డబ్బుంది, మంచి వకీలు ఉన్నాడు. ఆ తర్వాత ఎప్పుడో మీ అసలు అట్ట నా చేతికి వచ్చింది: కళ్లకు గంతలు కట్టిన న్యాయదేవత విగ్రహం, దాన్ని తాళ్లతో లాగి పడేస్తున్నారు, త్రాసు పళ్లేల్లోంచి డాలర్ నోట్లు రాలుతున్నాయి. ఆ బొమ్మ మా నాన్నకు చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "మన దగ్గర రూపాయలు, గంతే తేడా" అన్నాడు. కాలిఫోర్నియా పిల్లలు పాతికేళ్ల వయసులో రాసుకున్న పాట, హన్మకొండలో భూమి కేసు నడుపుతున్న రైతుకు అట్ట మీది బొమ్మ చూస్తేనే అర్థమైంది. ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు నా దగ్గర లేదు.

ఇక చివరి పాట 'డయర్స్ ఈవ్'. ఐదు నిమిషాలు కొట్టిందే కొట్టుడు, ఊపిరి తీసుకోనివ్వదు. జేమ్స్ అన్నా, అది మీరు అమ్మానాన్నలకు రాసిన ఉత్తరం. మందులు, డాక్టర్లు వద్దనే మత విశ్వాసంలో మీరు పెరిగారు. మీ పదహారో ఏట అమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఆ ఇంటి గోడల మధ్య పెరిగిన పిల్లగాడు పెద్దయ్యాక, నన్నెందుకు ఇలా పెంచారని అడుగుతాడు. మా దగ్గర అమ్మానాన్నలను ఆ మాట అడగడం అంత తేలిక కాదు. అడగలేని మాట ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది, ఆ వయసులో నాలో ఉన్నదాన్ని ఈ పాట నా తరఫున అరిచేసింది.

నిజం చెప్పాలంటే లోపాలు బేస్ ఒక్కదానితో అయిపోవు. పాటలు పొడుగు. టైటిల్ పాట పది నిమిషాలకు కాస్త తక్కువ, 'టు లివ్ ఈజ్ టు డై' కూడా అంతే. 'ఐ ఆఫ్ ది బిహోల్డర్' ఒక నిమిషంన్నర ముందే అయిపోయి ఉంటే బాగుండేది. ఒక రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరస, మంచిగా కుదిరిందని దాన్ని నాలుగుసార్లు చాలినచోట ఎనిమిదిసార్లు వాయించారు. స్నేర్ డ్రమ్ము ఎండిపోయిన శబ్దం చేస్తుంది. టైటిల్ పాటను మీరే 1989 తర్వాత 2007 దాకా వేదిక మీద వాయించలేదు. 'ది ఫ్రేడ్ ఎండ్స్ ఆఫ్ శానిటీ' పూర్తిగా వినడానికి జనం 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఇవన్నీ నాకు సమ్మతమే. పొడుగు మీరు కావాలని ఎంచుకున్నది, పాతికేళ్ల పిల్లలు తమకు ఎంత చేతనవుతుందో మొత్తం చూపించాలనుకున్నారు, ఆ తపన పాటల్లో వినబడుతుంది. వాటిని కత్తిరించమని నేను అడగను.

బేస్ సంగతి వేరు. అది వాయించారు, రికార్డు చేశారు, తర్వాత తగ్గించేశారు.

ఒక వినాయక చవితికి మండపం దగ్గర సౌండ్ చెక్ జరుగుతోంది. మిక్సర్ ముందు కూర్చున్న తమ్ముడు ఎప్పుడూ మెటల్ సంగీతం విన్నవాడు కాదు. అతని లోకం డీజే పాటలు, భక్తి పాటలు, పెళ్లి బరాత్. కానీ చెవి మాత్రం మస్తు పదును. జనం ఇంకా రాలేదు కదా అని నా ఫోన్ బోర్డుకు తగిలించి 'హార్వెస్టర్ ఆఫ్ సారో' పెట్టాను. వేదికకు రెండు పక్కలా పద్దెనిమిది ఇంచుల బేస్ బాక్సులు ఉన్నాయి. ఆ తమ్ముడు లేచి పోయి ఒక బాక్సు జాలీ మీద అరచేయి పెట్టాడు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ము పడ్డప్పుడు చేతికి తగులుతోంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఏమీ లేదు. తిరిగి వచ్చి అడుగు శబ్దాలు పెంచే లో నాబ్ తిప్పాడు, ఇంకాస్త తిప్పాడు, కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు. "అన్నా, గిండ్ల బేస్ రికార్డే చెయ్యలేదా ఏంది? పాట మంచిగనే ఉన్నది గని కింద ఖాళీగ ఉన్నది" అన్నాడు. నేను వెంటనే మీ 1991 ఆల్బమ్‌లోంచి 'శాడ్ బట్ ట్రూ' పెట్టాను. మండపానికి కట్టిన రేకులు గడగడలాడాయి. పక్క టీ కొట్టాయన బయటికి వచ్చి చూశాడు. "ఇద్దరు వేరే వేరేనా వాయించేది?" అని అడిగాడు తమ్ముడు. ఇద్దరూ ఒక్కరే అని చెప్తే నమ్మలేదు.

వాయించేవాడిది తప్పు కాదనడానికి ఇంతకంటే ఏం రుజువు కావాలి? జేసన్ మీతో చేరాక 1987లో మీరు వేరే వాళ్ల పాటలు వాయించి కొన్ని పాటలే ఉన్న ఒక చిన్న రికార్డు, ఈపీ, తెచ్చారు, అందులో బేస్ ఉరుముతుంది. 1991లో బాబ్ రాక్ ప్రొడ్యూసర్‌గా వచ్చాడు, అందులోనూ ఉరుముతుంది. మధ్యలో 1988 ఆల్బమ్‌లో మాత్రమే అదే మనిషి, అదే చేయి, వినబడదు.

ఎలా పోయిందో మన పిల్లల కోసం చెప్తాను. గిటారు లావు తీగ మామూలు శ్రుతిలో సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటారు లావు తీగ 41 సార్లు. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద. రెండూ ఒకే స్వరం వాయిస్తే బేస్ కింద పునాది లెక్క కూర్చోవాలి. జేసన్ ఈ ఆల్బమ్‌లో చాలాచోట్ల జేమ్స్ అన్న రిథమ్ గిటారును అచ్చం అనుసరించాడు, అదీ వేళ్లతో కాకుండా పిక్ అనే చిన్న బిళ్లతో. జేమ్స్ అన్న గిటారు శబ్దంలో మధ్య భాగం తగ్గించి అడుగు, పైభాగం పెంచి పెట్టారు, దాన్ని ఒకదాని మీద ఒకటి పరిచారు, దాంతో గిటారే బేస్ చోటు సగం ఆక్రమించుకుంది. కిక్ డ్రమ్ము మిగిలిన చోటు తీసుకుంది. ఇంత ఇరుకులో బేస్‌ను పైకి తేవాలంటే మిక్స్ చేసేవాళ్లు కాస్త కష్టపడాలి. మీరు దానికి ఎదురుదారిలో పోయారు. మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు, తాను బేస్ బాగానే పెట్టానని, లార్స్ అన్న దాన్ని తగ్గించమన్నాడని, తగ్గించాక ఇంకా తగ్గించమన్నాడని. అప్పుడు మీరు వాన్ హేలెన్ బ్యాండ్‌తో కలిసి పెద్ద పెద్ద స్టేడియాల్లో వాయిస్తూ, మధ్యమధ్య న్యూయార్క్ వైపు బేర్స్‌విల్ స్టూడియోకు వచ్చి మిక్స్ వినిపోయేవాళ్లు. రోజూ ఆ హోరులో ఉన్న చెవులు అలసిపోయి ఉంటాయి. స్టేజీ దిగిన రాత్రి నా చెవులు కూడా పైశబ్దాలు సరిగ్గా పట్టవు, అది ఆర్కెస్ట్రాలో ఉన్న అందరికీ తెలిసిన సంగతే. ఆ కారణాన్ని నేను కొట్టిపారేయను.

కానీ దాని కింద ఇంకోటి ఉంది, అది మీకూ తెలుసు, మాకూ తెలుసు. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో మీ బస్సు బోల్తా పడి, జేసన్ కంటే ముందు మీ బేస్ వాద్యకారుడైన క్లిఫ్ బర్టన్ పోయాడు. 24 ఏళ్లు. మీ గుంపులో సంగీతం బాగా చదువుకున్నవాడు, బేస్‌తో రాగాలు పలికించినవాడు. ఆయన పోయిన కొన్ని వారాలకే జేసన్‌ను తీసుకుని మళ్లీ రోడ్డెక్కారు. ఏడవడానికి టైమ్ తీసుకోలేదు. ఆ కొత్త పిల్లగాణ్ని ఏడిపించామని, హోటల్ బిల్లులు అతని మీద వేశామని, మా దుఃఖమంతా అతని మీద చూపించామని మీరే తర్వాత ఎన్నోసార్లు ఒప్పుకున్నారు. ఇంట్లో ఒకరు పోయాక ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడితే కడుపు మండడం నాకు అర్థమవుతుంది. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే పెద్దాయన పోయినప్పుడు, ఆయన స్థానంలో వచ్చిన అబ్బాయి ఎంత బాగా వాయించినా కొన్నాళ్లు ఎవరం అతని మొహం చూసి మాట్లాడలేదు. అయితే అతని వైరు మాత్రం పీకలేదు.

'టు లివ్ ఈజ్ టు డై' వినండి. క్లిఫ్ వదిలిపోయిన రిఫ్‌లతో కట్టారు, రచనలో ఆయన పేరు వేశారు, చివర్లో నాలుగు మాటలు తప్ప పాటంతా వాయిద్యమే. చనిపోయిన బేస్ వాద్యకారుడికి నివాళిగా చేసిన పాటలో బతికున్న బేస్ వాద్యకారుడు వినబడడు. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే బాధ పెట్టేది ఇదే. మధ్యలో అంతా ఆగిపోయి ఒక నెమ్మది గిటారు వస్తుంది చూడండి, అక్కడ కింద ఒక్క బేస్ స్వరం నిలబడి ఉంటే ఎంత బాగుండేదో, నేను ఇంట్లో ఆ చోట నా బేస్‌తో కలిసి వాయించుకుంటాను.

మా వైపు ఒగ్గు కథ చెప్తారు. ముందు వినబడేది కథకుడి గొంతు, తాళాలు. జనం ఒళ్లు కదిలేది మాత్రం డోలు దెబ్బకు. డోలు ఆపేసినా కథ చెప్పొచ్చు, మల్లన్న కథ మల్లన్న కథే, కూర్చున్న నేల మాత్రం అదరదు. 'జస్టిస్'లో నాకు అందనిది ఆ అదురు.

నేను బేస్ నేర్చుకున్నది గురువు దగ్గర కాదు, టేపు ముందు పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ. మాలాంటి ఊళ్లలో చాలామంది అట్లాగే నేర్చుకున్నారు. మీ మిగతా ఆల్బమ్‌లు నాకు పాఠాలు చెప్పాయి. క్లిఫ్ దగ్గర నేర్చుకున్నాను, జేసన్ దగ్గర 1991 ఆల్బమ్‌లో నేర్చుకున్నాను. నాకు ఎక్కువ ఇష్టమైన ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి పాఠం లేదు. గిటారు విని, బేస్ బహుశా ఇలా ఉండొచ్చని ఊహించి వాయించుకోవాల్సి వచ్చింది. 2009లో మీ పాటలతో గిటార్ హీరో గేమ్ వచ్చింది. అందులో ఒక్కో వాయిద్యం ట్రాక్ విడివిడిగా ఉండేది కాబట్టి అభిమానులు వాటిని బయటికి తీసి, బేస్ పెంచి, సొంతంగా మిక్స్‌లు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. 'డయర్స్ ఈవ్' బేస్ ట్రాక్ ఒక్కటే విడిగా విన్న రోజు నేను కుర్చీలోంచి లేవలేదు. పిక్ తీగకు తగిలే చప్పుడు, ఆ వేగంలో ఒక్క దెబ్బ కూడా జారకుండా జేమ్స్ అన్న కుడిచేతితో పోటీపడే ఆ చేయి. ఇదంతా వాయించి, మిక్స్ అయ్యాక ఆల్బమ్ విన్నప్పుడు ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుంది? మొదట్లో మండిపోయానని, తర్వాత సమాధానపడ్డానని ఆయనే చెప్పుకున్నాడు. ప్రొడ్యూసర్ ఫ్లెమింగ్ రాస్ముసెన్ కూడా ఆ బేస్ అద్భుతంగా ఉంటుందని చెప్పాడు. ఆయన విన్నాడు. మీరు విన్నారు. మేమే వినలేదు.

వేదిక మీద అయితే మీరే వినిపించారు కదా. 1989 సియాటిల్ కచేరీ వీడియో 1993లో మీరే పెట్టెలో పెట్టి అమ్మారు. అందులో 'బ్లాకెన్డ్' చూడండి, జేసన్ జుట్టు విసురుతూ, బేస్ ఛాతీకి తగులుతుంటే. ఇంకా దగ్గరి మాట చెప్తాను. 2011 అక్టోబర్ 30న మీరు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. ఆ నెల మా దగ్గర ఎలా ఉందో మీకు తెలిసే అవకాశం లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచింది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు గనులు ఆగిపోయాయి, మధ్యలో రైల్ రోకో. నేను సమ్మె శిబిరాల్లో పాటలకు బేస్ వాయించాను, అది నాకు గర్వం. టికెట్ కూడా జేబులో ఉంది. రైళ్లు తిరుగుతాయా లేదా అని ఒకటే టెన్షన్. అక్టోబర్ 24న సమ్మె విరమించారు. ఇక పోవచ్చు అనుకునేసరికి 28న ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో మీ షో రద్దయిందని, జనం వేదిక మీద పడ్డారని టీవీలో వచ్చింది. అయినా కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో మారి పోయాను.

అక్కడ 'వన్' వాయించారు. జేసన్ స్థానంలో ఇప్పుడు బేస్ వాయించే రాబర్ట్ అన్నా, ఆ రోజు మీ బేస్ విన్నాక నాకు ఆ పాట అసలు బరువు తెలిసింది. చీకట్లో టేప్ రికార్డర్‌లో విన్న పాటే. కానీ ఆ డబుల్ కిక్ దగ్గర నేల నుంచి పాదాల్లోకి, పాదాల నుంచి నడుములోకి ఎక్కింది. నా పక్కన మైసూరు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు ఏడుస్తున్నాడు. ఆ పాట ఇలా ఉండాలని మీకూ తెలుసు, అందుకే కచేరీల్లో ఇలాగే వాయిస్తారు. మరి స్టూడియో రికార్డు మాత్రం అట్లాగే ఎందుకు మిగలాలి?

2018లో మీరు ఆ ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసి, అంటే అదే మిక్స్ శబ్దాన్ని మెరుగుపరిచి, డెమోలు, కచేరీలు కలిపి పెద్ద పెట్టెగా తెచ్చినప్పుడు ఈసారైనా బేస్ వస్తుందని ప్రపంచమంతా ఎదురుచూసింది. రాలేదు. పాత ఆల్బమ్‌లు ఆ కాలపు గుర్తులని, చరిత్రను మార్చకూడదని జేమ్స్ అన్న అన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. నిజానికి సగం ఒప్పుకుంటాను. ఆ ఎండిన శబ్దం, ఆ కరకు, ఊరటనివ్వని ఆ పలుచదనం, అవి కూడా ఈ ఆల్బమ్ మొహమే. వెచ్చగా, గుండ్రంగా ఉండే 'బ్లాకెన్డ్' నాకు కూడా కొత్తగా, కొంచెం పరాయిగా ఉంటుంది. ఆ పాటలో భూమి మాడి బూడిదైపోతుంది, ఆ శబ్దం కూడా బూడిదలాగే ఉంటుంది. అందుకే పాతది తీసేయమని అడగడం లేదు. మెగాడెత్ అనే ఇంకో మెటల్ బ్యాండ్ 2004లో తమ పాత ఆల్బమ్‌లను మళ్లీ మిక్స్ చేసి పాతవాటి స్థానంలో పెట్టినప్పుడు అభిమానులు ఎంత నొచ్చుకున్నారో మేం చూశాం. అట్లా వద్దు.

రెండూ ఉంచొచ్చు. పెర్ల్ జామ్ అనే రాక్ బ్యాండ్ 2009లో తమ మొదటి ఆల్బమ్‌ను కొత్త మిక్స్‌తో పాటు పాత మిక్స్‌నూ ఒకే సెట్లో ఇచ్చింది. బీటిల్స్ 1970 నాటి చివరి ఆల్బమ్‌కు 2003లో ఇంకో రూపం వచ్చింది, పాతది ఇప్పటికీ దొరుకుతుంది, ఎవరికి కావాల్సింది వాళ్లు వింటున్నారు. చరిత్ర ఎక్కడికీ పోలేదు. పైగా జేసన్ ఆ స్టూడియోలో వాయించడం కూడా చరిత్రే. 1988 మొదటి నెలల్లో లాస్ ఏంజెలెస్ వన్ ఆన్ వన్ స్టూడియోలో ఒక పాతికేళ్ల పిల్లగాడు ఒక అసిస్టెంట్ ఇంజినీర్‌తో కూర్చుని తన భాగమంతా వాయించిపోయాడు. అది జరిగింది. మీ ఆల్బమ్ జరిగిన దాంట్లో కొంత మాత్రమే వినిపిస్తోంది.

అభిమానులు చేసుకున్న మిక్స్‌లు ఉన్నాయి కదా, అవి వినండి అని కొందరు అంటారు. వింటున్నాం. కానీ అవి గేమ్ ఫైళ్లలోంచి తీసినవి, ఒక్కొక్కరు ఒక్కో రకంగా పెంచారు, కొన్నిట్లో బేస్ మరీ ఎక్కువై గిటారును మింగేసింది, కొన్నిట్లో వాళ్లే కొత్తగా వాయించి కలిపారు. అది జేసన్ బేస్ అవుతుందో కాదో కూడా చెప్పలేం. అసలు టేపు మీ దగ్గర ఉండగా మేమెందుకు ఇట్లా ఏరుకోవాలి?

2009లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద జేసన్ మీతో కలిసి నిలబడ్డాడు, రాబర్ట్ అన్న పక్కన, ఇద్దరు బేస్ వాద్యకారులు ఒకేసారి. 2011లో మీ ముప్పై ఏళ్ల వేడుకలో కూడా వచ్చి వాయించాడు. మీ మధ్య మాటలు ఉన్నాయి, గౌరవం ఉంది. ఇది పాత గొడవ తవ్వడం అవ్వదు. ఆయన్ను ఒకసారి స్టూడియోకు పిలవండి. రాస్ముసెన్‌ను పిలవండి. జేసన్ ముందే ఆ ట్రాకులు పైకి లేపండి, ఎంత ఉంచాలో ఆయన్నే చెప్పమనండి. జేసన్ వద్దంటే అది వేరే మాట, అప్పుడు మేం ఇంకెప్పుడూ అడగం.

తొమ్మిది పాటలూ ఒకేసారి చేయడం కష్టమైతే 'బ్లాకెన్డ్'తో మొదలుపెట్టండి. రచనలో జేమ్స్ అన్న, లార్స్ అన్న పేర్ల పక్కన జేసన్ పేరు ఉన్నది ఆ ఒక్క పాటకే. అది విడుదలైన రోజు మా మండపం బాక్సుల మీద, అదే తమ్ముడి చేత మిక్సర్ మీద శబ్దం పెంచే ఫేడర్ లేపించి వింటాను, ఎలా ఉందో మీకు మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ అభిమాని,
బేస్ గిటారు, హన్మకొండ